లాయరు పేరు చెప్పేది దళారీయేనా?

"మంచి ప్లీడరు ఎవరన్నా ఉంటే చెప్పప్పా." పావగడ తాలూకాలో నాలుగు అక్షరాలు చదువుకున్న ప్రతివాడికీ ఈ మాట అలవాటే. టీచరును అడుగుతారు, బ్యాంకు గుమాస్తాను అడుగుతారు, మందుల షాపాయనను అడుగుతారు. ఎవరిని అడిగినా వచ్చేది చెప్పేవాడికి తెలిసిన పేరే. అది అడిగినవాడి కేసుకు సరిపోతుందా లేదా అన్నది అదృష్టం. పన్ను నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరకు ఎవరూ పోరు. భాగపరిష్కారం దావాకు క్రిమినల్ లాయరు దగ్గరకు పోవడం మాత్రం మామూలే. లాయరును ఎవరు చూపించాలి, చూపించినందుకు ఎవరైనా డబ్బు పుచ్చుకోవచ్చా అన్నది దేశమంతటా పదేపదే లేచే ప్రశ్న. పావగడలో దానికి ఇంకో మెలిక ఉంది.

పటం చూస్తే ఆ మెలిక తెలుస్తుంది. తాలూకా ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో. కానీ దక్షిణాన మడకశిర, తూర్పున రొద్దం, ఉత్తరాన కంబదూరు, కళ్యాణదుర్గం. మూడు వైపులా ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రం దాదాపు 100 కిలోమీటర్ల దూరం. రెవెన్యూ అప్పీళ్లు వినే ఉపవిభాగాధికారి కూర్చునేది మధుగిరిలో. ఇంట్లో తెలుగు, తాలూకా కచేరిలో కన్నడ, కింది కోర్టులో కన్నడ, బెంగళూరు హైకోర్టులో ఇంగ్లీషు. ఆడపిల్లను ఇచ్చేదీ తెచ్చుకునేదీ మడకశిర, హిందూపురం వైపు. పొలం ఒక రాష్ట్రంలో, అప్పు ఇంకో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు కొల్లలు. అందుకే ఇక్కడ "ఏ లాయరు" అన్న ప్రశ్న కంటే ముందు "ఏ రాష్ట్రపు కోర్టు" అన్న ప్రశ్న తేలాలి. ఆ తేల్చే పని నేడు ఎవరి బాధ్యతా కాదు.

చట్టంలో జవాబు లేక కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్నచోటే వేయాలి. ఆస్తి రెండు కోర్టుల పరిధిలో కొంత కొంత ఉంటే 17వ సెక్షన్ ఏదో ఒకచోట వేసుకోనిస్తుంది. చేబదులు అప్పుకైతే బాకీదారు ఊరు, లేదా లావాదేవీ జరిగిన ఊరు. చెక్కు బౌన్సయితే, 2015 సవరణ తర్వాత, చెక్కు పుచ్చుకున్నవాడి ఖాతా ఏ బ్యాంకు శాఖలో ఉంటే ఆ ఊరు. విడాకుల కేసును 2003 సవరణ దరిమిలా భార్య తానుంటున్న చోటే వేసుకోవచ్చు. రోడ్డు ప్రమాదంలో పరిహారం కోరేవాళ్లు తాము కాపురముండే చోట అడగవచ్చు. కాబట్టి రొద్దం దగ్గర లారీ గుద్దినా, పావగడ మనిషి పరిహారం కోసం పెనుకొండ చుట్టూ తిరగనక్కర్లేదు. ఇదంతా సరైన లాయరు అరగంటలో చెప్పగల సంగతి. ఆ అరగంట దొరకనివాడు తప్పు కోర్టులో కేసు వేయించుకుని, పరిధి లేదని కాగితాలు వెనక్కి వచ్చేసరికి రెండేళ్లు పోగొట్టుకుంటాడు.

కోర్టు తేలినా ఏ చట్టం అన్నది మిగిలే ఉంటుంది. ఒకే తల్లి కడుపున పుట్టినట్టు ఒకే భాష మాట్లాడే ఈ రెండు గడ్డలనూ పాతకాలంలో పాలించింది వేర్వేరు ప్రభుత్వాలు. పావగడ మైసూరు సంస్థానం, మడకశిర మద్రాసు ప్రెసిడెన్సీ. నేటికీ భూమి కాగితాల్లో ఇక్కడ పహాణి, పౌతి ఖాతా అంటే, అక్కడ అడంగల్, పాసుపుస్తకం. పేర్లతోనే తేడా పోదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కర్ణాటక అదే పని 1994 జులై 30 నుంచి చేసింది. రెండూ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టాయి. 1990లో పెళ్లయిన ఒక కూతుర్ని తీసుకోండి. అన్నదమ్ములు 1998లో రిజిస్టరు పత్రంతో పొలం పంచుకున్నారు. పొలం మడకశిరలో ఉంటే ఆమె అప్పటికే హక్కుదారు. పావగడలో ఉంటే కాదు. 2005 కేంద్ర సవరణ ఈ తేడాను చెరిపేసినా, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టరు పంపకాల జోలికి పోలేదు. వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు కూతుళ్ల హక్కును ఎంత బలపరిచినా ఆ గీతను దాటలేదు. కాలపరిమితి చిక్కులు ఎలాగూ వేరే. హిందూపురంలో ముప్పై ఏళ్లు పేరు మోసిన వకీలైనా 1985 అలవాటుతో పావగడ పొలానికి సలహా చెబితే ఆ కూతురు లేని ఆశతో దావాకు దిగుతుంది.

ప్రభుత్వం ఇచ్చిన భూములదీ ఇదే తంతు. ఆంధ్రలో 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కులంతో పని లేకుండా భూమిలేని నిరుపేదలకు ఇచ్చిన భూమి అమ్మకాన్ని అడ్డుకోవడానికి వచ్చింది. కర్ణాటకలో భూముల బదిలీని నిషేధించే 1978 నాటి పీటీసీఎల్ చట్టం ఎస్సీ, ఎస్టీలకు మంజూరైన భూములకే. ఆ భూమి చేయి మారితే తిరిగి ఇప్పించమని అర్జీ పెట్టుకోవలసింది ఉపవిభాగాధికారికి, అంటే మధుగిరిలో. ఏళ్లు గడిచాయన్న కారణంతో అలాంటి అర్జీలు కొట్టుడుపోతుంటే, 2023లో కర్ణాటక శాసనసభ కాలపరిమితి లేదని సవరణ తెచ్చింది. పావగడ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఈ సవరణ ఎంతమందికి పనికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. దాని సంగతి తెలిసిన లాయరు ఎవరో వాళ్లకు చెప్పేవాడు కావాలి, అంతే. ఇక సౌర పార్కు వచ్చాక పొలం గొడవకు తోడు, జీతంలా ఏటా వచ్చే కౌలు డబ్బు గొడవా మొదలైంది. తిరుమణి, వళ్లూరు, రాయచర్లు తదితర 5 గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలు కౌలుకు పోయాయి, 2,050 మెగావాట్ల పార్కు లేచింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. వేరుశనగ పండినా ఎండినా పట్టించుకోని అన్నదమ్ములు, ఏటా డబ్బు వచ్చే పొలంలో తమ వాటా ఎంతని అడగక మానరు. చచ్చిపోయిన తాత పేరునే పహాణి నడుస్తున్న ఇళ్లలో ఆ ప్రశ్న నేరుగా కోర్టు మెట్లెక్కుతుంది.

ఇంత చిక్కున్న చోట లాయరు దారి చూపించేది ఎవరు? చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పహాణి నకలు, మడతల దగ్గర చిరిగిన పాత క్రయపత్రం పట్టుకుని కోర్టు ఆవరణలో అటూ ఇటూ చూసే మనిషిని గమనించండి. నిమిషంలో ఒకడు పక్కకు వస్తాడు. "ఏమప్పా, ఏం పని మీద వచ్చినావు? మనోడే ఒకాయన ఉన్నాడు, నేను చెప్తే ఫీజు తగ్గిస్తాడు" అంటాడు. తగ్గేది ఏమీ ఉండదు, వాడి వాటా కలిపే ఫీజు చెబుతారు. అన్నిచోట్లా దళారీ మొహం ఒకటే కాదు. దస్తావేజు రాసేవాడు కావచ్చు, స్టాంపులు అమ్మేవాడు కావచ్చు, పంచాయతీలో పెత్తనం చేసే పార్టీ మనిషి కావచ్చు. వాళ్లలో నిజాయితీగా, పైసా ఆశించకుండా మంచి పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఎవరు ఏ రకమో కవరు పట్టుకున్నవాడికి తెలిసే దారి లేదు.

చట్టానికి దళారీ కొత్త కాదు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టమే అతణ్ణి నిర్వచించింది. వకీలు దగ్గర ప్రతిఫలం పుచ్చుకుని కేసులు తెచ్చిపెట్టేవాడు, ఆ పని మీద కోర్టులు, రెవెన్యూ కచేరీలు, రైల్వే స్టేషన్లు, పడవ రేవులు, సత్రాల చుట్టూ తిరిగేవాడు అని రాసింది. ఆ పాత చట్టాన్ని 2023లో రద్దు చేసి, దళారీల సంగతి మాత్రం అడ్వకేట్స్ చట్టంలో 45ఏ సెక్షన్‌గా నిలుపుకున్నారు. 2024 సెప్టెంబరు 30 నుంచి అది అమల్లో ఉంది. రేవులూ సత్రాలూ కూడా అలాగే ఉన్నాయి! జిల్లా జడ్జి, కలెక్టరు స్థాయి అధికారి విచారణ జరిపి దళారీల జాబితా తయారుచేసి కోర్టు గోడకు అంటించవచ్చు. జాబితాకెక్కినవాడు దళారీ పని చేస్తే 3 నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం పనులు ఏళ్ల తరబడి సాగిన తాలూకాలో రైలు కన్నా ముందే వచ్చి కూర్చున్న దళారీకి 500 రూపాయలు ఒక్క కేసు కమిషనుకు కూడా సాటి రావు.

అసలు చిక్కు శిక్ష చిన్నదవడం కాదు. దళారీ బతికేది సమాచారం లేనిచోట, ఆ లేమిని పెంచి పోషించింది వృత్తి నియమమే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది వకీలు ప్రకటన ఇచ్చుకోకూడదని, దళారీల ద్వారా గాని మరోలా గాని కేసులు అడుక్కోకూడదని అంటుంది. లాయరు కానివాడితో రుసుము పంచుకోవడం మరో నియమం కింద నిషేధం. దీని వెనుక నిజమైన చేదు అనుభవం ఉంది. బొంబాయి మేజిస్ట్రేటు కోర్టు గుమ్మంలో కక్షిదారుల మీద పడి, ఒకరి చేతిలోంచి ఒకరు కాగితాలు లాక్కున్న వకీళ్ల వ్యవహారం డభోల్కర్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1975లో న్యాయమూర్తి కృష్ణయ్యర్ వకీలు వృత్తి వర్తకం కాదని గట్టిగానే చెప్పారు. ప్రకటనలు వదిలేస్తే ఎక్కువ ఖర్చు పెట్టినవాడే పెద్ద లాయరైపోతాడని, తాలూకాల్లోని జూనియర్లు తుడిచిపెట్టుకుపోతారని బార్ అంటుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు.

అయితే ఆ నియమం కట్టడి చేసింది నిజాయితీపరుణ్ణి. దళారీని వాడుకునేవాడు ఎలాగూ నియమం తప్పినవాడే. నోరు మూసుకున్నది నియమం పాటించేవాడు. 2008లో కొంచెం తలుపు తీశారు. పేరు, చిరునామా, ఫోను, నమోదు సంఖ్య, చదువు, ఏ రకం కేసులు చూస్తారు అన్న వివరాలు వకీలు తన సొంత వెబ్‌సైటులో పెట్టుకోవచ్చన్నారు. పావగడలో ప్రాక్టీసు చేసే జూనియరు వెబ్‌సైటు పెట్టడు, పెట్టినా పహాణి పట్టుకున్న పెద్దాయన చూడడు. ఆ ఖాళీలోకి లాయర్లను వెతికిపెట్టే పోర్టళ్లు దిగాయి. మద్రాసు హైకోర్టు 2024 జులై 3న క్వికర్, సులేఖ, జస్ట్ డయల్ వంటి సంస్థల ప్రస్తావన ఉన్న కేసులో, ఆన్‌లైన్‌లో కేసులు అడుక్కునే వకీళ్లపై చర్యలు తీసుకొమ్మని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. రేటింగులు పెట్టి, రేట్లు కట్టి వకీళ్లను అంగడి సరుకు చేయడం తప్పంది. తీర్పులోని ఆందోళనతో పేచీ లేదు. కానీ పోర్టల్ మూస్తే కక్షిదారు తిరిగి చేరేది కోర్టు ఆవరణలోని దళారీ దగ్గరకే. అతనికి రేటింగు కూడా లేదు.

తప్పు లాయరు చేతిలో పడ్డాక బయటపడటం ఇంకా కష్టం. 2024 మే 14న డి.కె. గాంధీ కేసులో సుప్రీంకోర్టు, లాయరు సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని తేల్చింది. ఇక మిగిలినది అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. హిందూపురం లాయరు మీదైతే ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు, పావగడ లాయరు మీదైతే బెంగళూరుకు. లాయరును మార్చుకుందామంటే పాతాయన బాకీ ఫీజు తీర్చమని కాగితాలు పట్టుకుంటాడు. అలా పట్టుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే చెప్పింది. పాతికేళ్లయినా ఈ ముక్క తెలిసిన కక్షిదారులు ఎందరు? ఫీజుకు రసీదు లేదు, ఎంతకు ఒప్పుకున్నారో కాగితం లేదు. తర్వాత మందు లేని చోట మొదట్లో జాగ్రత్తే దిక్కు.

మొదటి జాగ్రత్తకు అవసరమైన యంత్రాంగం సగం మన దగ్గర ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. మిగతావారికి కర్ణాటకలో ఏటా 3 లక్షల రూపాయల ఆదాయం పరిమితి. లెక్క మీరే వేయండి: తాలూకాలో స్త్రీలే సగం, వాళ్లకు ఎస్సీ, ఎస్టీ మగవాళ్లనూ, మెట్ట సేద్యం మీద బతికే మిగతావాళ్లనూ కలపండి. ఉచిత లాయరుకు హక్కున్నవాళ్లే ఎక్కువమంది. వాళ్లే కమిషను కలిపిన ఫీజు కడుతున్నారు. "ఊరికే వచ్చే లాయరు ఊరికే వాదిస్తాడు" అన్న నానుడి ఒక కారణం. ప్యానెల్ లాయర్లకు ఇచ్చే గౌరవ వేతనం చూస్తే ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. రెండో కారణం తాలూకా న్యాయ సేవల కమిటీ గది ఎక్కడుందో, 15100 అనే సహాయ నంబరు ఎందుకుందో చెప్పేవాడు లేకపోవడం. జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2010 నియమావళి కనీసం మూడేళ్ల అనుభవమున్న వకీళ్లతో, సివిల్, క్రిమినల్, కుటుంబ వ్యవహారాలంటూ విషయాల వారీగా ప్యానెళ్లు వేయమంది. అంటే ఎవరికి ఏ పని వచ్చునన్న జాబితా ప్రభుత్వం దగ్గర కాగితం మీద ఉండాల్సిందే. అది ఉచిత సాయం కోరినవారికే. ఫీజు కట్టగలిగి, ఎవరికి కట్టాలో తెలియనివాడు ఏ జాబితాలోనూ లేడు. 2017లో మొదలైన టెలి-లా ఫోనులోనో వీడియోలోనో సలహా ఇస్తుంది, వాయిదాకు వచ్చి నిలబడదు.

పరాయి దేశాల్లో ఫీజు కట్టగలిగీ దారి తెలియని ఇలాంటి మనిషి కోసమే ఏర్పాటు పుట్టింది. మరీ బీద కాదు, మరీ ఉన్నవాడూ కాదు అనదగ్గవాళ్ల కోసం లాస్ ఏంజిలస్ కౌంటీ బార్ 1937లో లాయరు రిఫరల్ సర్వీసు తెరిచింది. వకీళ్లు విషయాల వారీగా పేరు నమోదు చేసుకుంటారు, అడిగినవారికి వంతుల వారీగా పేరు ఇస్తారు. కాలిఫోర్నియాలో స్టేట్ బార్ ధ్రువీకరణ లేకుండా ఇలాంటి సేవ నడపడం చట్టవిరుద్ధం. మన దళారీ అక్కడ ధ్రువపత్రం చూపించాలన్నమాట. కెనడాలోని ఒంటారియోలో లా సొసైటీయే పేరు ఇస్తుంది, 30 నిమిషాల దాకా మొదటి సంప్రదింపు ఉచితం. ఇంగ్లండు అనుభవం వేరు. అక్కడ 2004లో కేసు తెచ్చినవారికి సొలిసిటర్లు రుసుము ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ప్రమాదాల కేసుల్లో గాయపడినవాడి వివరాలు అంగట్లో అమ్ముడయ్యే దాకా వెళ్లింది. 2010లో జాక్సన్ నివేదిక నిషేధించమంది, 2013 ఏప్రిల్ 1 నుంచి ఆ రకం కేసుల్లో నిషేధించారు. మనకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది జపాన్. ఒక్క లాయరూ లేని, లేదా ఒక్కరే ఉన్న పల్లె ప్రాంతాలను అక్కడి బార్ లెక్కగట్టి, 2000 నుంచి తన నిధితో కార్యాలయాలు తెరిపించింది. 2006లో ప్రభుత్వ సంస్థ హోటెరాసు వచ్చాక, ఒక్క ఫోనుకు మీ సమస్యకు ఏ గుమ్మం తొక్కాలో చెప్పడం మొదలైంది. ఒక్కరే లాయరున్న ఊళ్లో ఎదుటివాడు ముందే ఆయన్ను పెట్టుకుంటే రెండోవాడి గతేమిటన్న ప్రశ్న నుంచి ఆ ఏర్పాటు పుట్టింది. చిన్న బార్ ఉన్న తాలూకాల్లో ఆ ప్రశ్న మనకూ ఉంది.

ఇంగ్లండు నుంచి నేర్చుకోవలసింది, పేరు చెప్పినందుకు కేసు విలువలో శాతం పుచ్చుకోనివ్వకూడదని. శాతం వచ్చిందంటే చెప్పేవాడి కన్ను పెద్ద కేసు మీదే ఉంటుంది. మనోవర్తి అడిగే ఆమెను ఎవరూ పట్టించుకోరు. అమెరికా నుంచి తీసుకోదగింది వంతుల పద్ధతి, విషయాల వారీ నమోదు. మొదటి అరగంటకు ఒక చిన్న స్థిరమైన రుసుము, అది లాయరుకే, సేవ నడిపేవారికి పైసా వద్దు. ప్రైవేటు పోర్టల్‌కు కాకుండా తాలూకా న్యాయ సేవల కమిటీకి, బార్ అసోసియేషన్‌కు ఉమ్మడిగా అప్పగిస్తే 36వ నియమంతో తగువు కూడా రాదు. ఎందుకంటే వకీలు తనను తాను చాటుకోవడం లేదు, సంస్థ చూపిస్తోంది. దళారీల జాబితాకు గోడ ఇచ్చిన చట్టం వకీళ్ల జాబితాకు అడ్డుపడదు.

అభ్యంతరాలు వస్తాయి, రావాలి కూడా. బార్ అసోసియేషన్ పెద్దలు తమవాళ్లనే ముందు పెడతారన్నది మొదటిది. వంతు ఎవరిదో రిజిస్టరులో బాహాటంగా ఉంటే ఆ పప్పులు అంతగా ఉడకవు, అసలే ఉడకవని నేను అనను. అనుభవం లేని జూనియరు కూడా భూమి కేసుల కింద పేరు రాయించుకుంటాడన్నది రెండోది. ఆ విషయంలో ఎన్నేళ్ల పని చూపించాలో కమిటీ నిర్ణయించాలి, జూనియర్లకు చెక్కు బౌన్సులు, మనోవర్తి అర్జీల వంటి వరుస వేరే ఉంచాలి. సీనియర్లు నమోదుకే రారన్నది మూడోది, బహుశా అదే నిజం. పేరున్నవాడికి ఈ జాబితాతో పని లేదు. అలాంటప్పుడు జాబితాలో మిగిలేది మధ్యరకం వాళ్లే కదా అంటారు. కవరు పట్టుకున్న పెద్దాయనకు నేడు దొరుకుతున్నది ఆ మధ్యరకం వాడు కూడా కాదు.

సరిహద్దు సంగతి మాత్రం పావగడ సొంతంగా తేల్చుకోలేదు. అడ్వకేట్స్ చట్టం 30వ సెక్షన్ 2011లో అమల్లోకి వచ్చాక ఏ రాష్ట్రంలో నమోదైన వకీలైనా దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడొచ్చు. చట్టం ఒప్పుకున్నా కన్నడంలో వాదపత్రం రాయలేని మడకశిర వకీలు పావగడ కోర్టులో చేయగలిగింది తక్కువ. అందుకే తుమకూరు జిల్లా న్యాయ సేవల ప్రాధికారం, అవతలి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఒకరి జాబితా ఒకరికి ఇచ్చుకోవాలి. రెండింటికీ అధ్యక్షులు జిల్లా జడ్జిలే కాబట్టి ఇద్దరి మధ్య ఒక ఉత్తరం చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. మొదటి ఫారం కన్నడంలోనూ తెలుగులోనూ ఉండాలి. అందులో మొదటి గళ్లు పొలం ఏ ఊళ్లో ఉంది, ఎదుటి పక్షం ఎక్కడ ఉంటుంది, పెళ్లి ఎప్పుడయింది, పంపకం పత్రం ఏ తేదీది, మంజూరు భూమి అయితే ఎవరికి మంజూరైంది అన్నవి. లాయరు పేరు రాసే గడి వాటి కింద రావాలి. దాని పక్కనే ఫీజు ఎంత, ఏ దశకు ఎంత, కాగితాలు ఎప్పుడు అడిగినా తిరిగి ఇస్తాననే మాట, వకీలు సంతకం.